అన్నం తినమంటున్నారు

తిరువూరు,
3 ఫిబ్రవరి 2025

పూజ్యులైన వదినగారు సిస్టర్ కరుణశ్రీ గారికి, మీ తమ్ముడు యేసురాజు గారి భార్య గ్లోరి నమస్కరించి రాస్తున్నది.

ముందుగా నా దస్తూరీకీ తప్పులకీ మన్నించాలి. నేను పెనుగొలను బళ్లో ఏడో తరగతి వరకే చదివాను. ఆ ఏడు కూడా సగం రోజులు మిరపకాయల కోతకి పోయాను. మీరు కూడబలుక్కుని చదువుకోవాలి. మా పెళ్లయ్యాక మిమ్మల్ని చూడ్డానికి మఠానికి వచ్చినప్పుడు, కటకటాల వెనక నించుని మీరు నన్ను నాలుగు ప్రశ్నలు అడిగారు. నేను నాలుగింటికీ తలే ఊపాను. కాగితం అయితే ఎదురుగా మనిషి ఉండదు కాబట్టి రాయగలుగుతున్నాను.

ఇక్కడ అందరం క్షేమం. మావయ్యగారి కంట్లో పొర ముదిరింది. ఆపరేషనుకి రమ్మంటే మామిడికాయల సీజను వెళ్లనివ్వమంటున్నారు. మనకి మామిడితోట లేదు. మీ తమ్ముడు ఆటో విస్సన్నపేట రూట్లోనే తిప్పుతున్నారు. మీ చిన్నతమ్ముడు డానీ పోయి నాలుగు నెలలైంది. గేదె అడ్డొచ్చి పడిపోయిన ఆ బండి ఇంకా ఎ.కొండూరులోనే ఉంది, తెచ్చుకోబుద్ధి కాలేదు. ఆ గేదె తాలూకు ఆయన వచ్చి చాలాసేపు ఏడ్చి వెళ్లాడు. గేదెకి ఏమీ కాలేదట.

ఇప్పుడు అసలు సంగతి. విస్సన్నపేటలో డానీకి అనుదీప్ అని స్నేహితుడున్నాడు. ఫొటో స్టూడియో పైగదిలో కంప్యూటరు పెట్టుకుని పాటలకి సంగీతం కడతాడు. డానీ పోకముందు ఒక పాట పూర్తిగా పాడి అతని దగ్గర ఉంచాడట. మార్చి 21న, డానీ పుట్టినరోజున, దాన్ని విడుదల చేస్తానని మొన్న ఇంటికొచ్చాడు. ఇంట్లోవాళ్లు ఒద్దంటే చెయ్యనన్నాడు. మావయ్యగారు చర్చిలో ఉన్నారు. మా ఆయన "గ్లోరిని అడుగు" అని ఆటో కడుక్కోవడానికి పోయారు.

నన్నెందుకు అడగాలంటే, ఆ పాటలో నా గొంతుంది.

డానీ ఆ పాట మా గదిలో బీరువా తెరిచి, నా చీరల మధ్య తల పెట్టి పాడాడు. చీరలుంటే బయటి చప్పుడు పడదట. అప్పుడు నేను గుమ్మం దగ్గరకెళ్లి "డానీ, మావయ్యగారు అన్నం తినమంటున్నారు" అన్నాను. రోజూ అనే మాటే. అది ఫోనులో పడింది. వాడు తీసెయ్యకుండా దాన్నే పల్లవి చేసుకున్నాడు. పాటలో పదకొండుసార్లు వస్తుంది.

మీకు తెలుసో తెలియదో, డానీ ఫాదరు కావలసిన చదువు మాని, సెమినరీ వదిలేసి పెట్టెతో ఇంటికొచ్చిన రోజు నుంచి మావయ్యగారు వాడితో మాట్లాడలేదు. మూడేళ్లు. చెప్పాల్సింది నాతో చెప్పేవారు. నేను వెళ్లి డానీకి చెప్పేదాన్ని. ఇద్దరి మంచాలూ వరండాలోనే, మధ్య మూడడుగులు.

నా గొంతు తీసేస్తే ఇక పాటే లేదంటున్నాడు అనుదీప్. ఉంచితే ఊరంతా వింటుంది. ఊరు విన్నా చచ్చినట్టు ఓర్చుకుంటాను గాని, మావయ్యగారు ఆ మాట వినకూడదు. ఎందుకో ఇప్పుడు రాయలేను. మీరు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

ఈ ఉత్తరం చదివి కాల్చెయ్యండి.

మీ మరదలు
గ్లోరి

*

మఠం నుండి,
15 ఫిబ్రవరి 2025

ప్రభువునందు ప్రియమైన గ్లోరికి,

నీ అక్షరాలు బాగానే ఉన్నాయి. నాన్నగారు ఉపదేశిగా పేటలో సగం మందికి అక్షరాలు నేర్పారు. వాళ్లందరికంటే నీవే గుండ్రంగా ఉన్నాయి.

డానీ పాట పాడి వెళ్లాడని చదివి చాలా ఊరట పొందాను. సెమినరీ వదిలేశాడు కాబట్టి దేవుణ్ణి కూడా వదిలేశాడేమోనని మూడేళ్లు జపమాల చెప్పాను. మన పేటలో పాట రికార్డు చేసిన వాళ్లందరూ చేసింది భక్తిగీతాలే. వాడు మాత్రం ఇంకేం చేస్తాడు. "అన్నం తినమంటున్నారు" అనే పల్లవి దివ్యసత్ప్రసాదం గురించి అని మదర్ గారు అన్నారు. అంత తేలిక మాటల్లో అంత లోతు ఈమధ్య పాటల్లో కనబడడం లేదని కూడా అన్నారు. మాటలు రాసి పంపు. గురువారం ఆరాధనలో పాడుకుంటాం. రాగం గ్రిగోరియా సిస్టర్ చూసుకుంటారు.

విడుదల చెయ్యమను. నాన్నగారికి అభ్యంతరం ఎందుకుంటుంది? నీ గొంతు గురించి సిగ్గుపడకు. స్తుతికి వాడిన గొంతుకి సిగ్గేమిటి.

ఒక సంగతి గుర్తుపెట్టుకో. మార్చి 5 విభూది బుధవారం. ఆ రోజు నుంచి ఈస్టరు వరకు మేము ఉత్తరాలు రాయం, అందుకోం. వచ్చినవి మదర్ గారి సొరుగులో ఉంటాయి. రాయాల్సింది ఈలోగా రాయి.

నీ వదిన
సిస్టర్ కరుణశ్రీ

*

తిరువూరు,
24 ఫిబ్రవరి 2025

వదినగారికి గ్లోరి నమస్కారాలు. ఈసారి కలం కూడా సరిగ్గా లేదు, మన్నించాలి.

మీరు పొరబడ్డారు. తప్పు నాదే, సరిగ్గా రాయలేదు. డానీది ర్యాప్ పాట. ర్యాప్‌కి రాగం ఉండదు. కోపంగా ఉన్న మనిషి ఊపిరి తీసుకోకుండా, కానీ తాళానికి సరిపడా మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వాక్యం చివర్లు కలవాలి. చేతులు కూడా తిప్పాలి గాని అది వినేవాళ్లకి తెలియదు. గ్రిగోరియా సిస్టర్ గారిని శ్రమపడొద్దని చెప్పండి.

మీరు అడిగారు కాబట్టి ఒక ముక్క రాస్తున్నాను.

ఒకటే వరండా, రెండు మంచాలు,
మధ్యన తిరిగేవి వదిన చెప్పులు.
నా పేరు పలకడు మా నాయన,
నా ఆకలి మరవడు మా నాయన.
సెమినరీ నేనొదిలాను, నన్నొదిలాడు ఆయన,
కంచం దగ్గర మాత్రం వదల్లేదు మా నాయన.

ఆ వెంటనే నా గొంతు వస్తుంది. తర్వాతి ముక్క సెమినరీలో చారు గురించి. అది మఠానికి రాయదగ్గది కాదు.

మీరు విడుదల చెయ్యమన్నారని అనుదీప్‌కి సరే అని చెప్పేశాను. ఆ తర్వాతే మీరు భక్తిపాట అనుకుని అన్నారని గ్రహించాను. నేను ఒకటికి రెండుసార్లు చదివితేగాని ఉత్తరం అర్థం కాదు. అతను అప్పటికే పోస్టరు వేసేశాడు. అందులో డానీకి రెక్కలు పెట్టాడు. తీసెయ్యమంటే ఒక రెక్క తీశాడు.

ఇది కూడా కాల్చెయ్యండి.

గ్లోరి

*

మఠం నుండి,
3 మార్చి 2025

గ్లోరీ,

తపస్సుకాలానికి ముందు ఇదే నా చివరి ఉత్తరం. తొందరలో రాస్తున్నాను.

భక్తిపాట కాదని తెలిసి కొద్దిగా బాధపడ్డాను. కానీ ఆ ఆరు వరసలు చదివాక బాధ పోయింది. నాన్నగారు వాడితో మాట్లాడకపోయినా రోజూ అన్నానికి పిలిచేవారని నాకు తెలియదు. నాకు నాన్న మీద మనసులో చాలా ఏళ్ల కోపం ఉంది. సిస్టర్ అయినా ఉంది. అది ఈ వరసలతో కరిగింది. అందుకే నాన్నకి ఒక ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. ఆయన కళ్లు ఆనవు కాబట్టి నువ్వే చదివి వినిపించు. ఒక్క మాట కూడా వదలకుండా చదువు.

కరుణశ్రీ

*

తిరువూరు,
12 మార్చి 2025

వదినగారికి,

అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి. బియ్యం డబ్బా మీద పెట్టి రాస్తున్నాను. మావయ్యగారి కోసం మీరు పంపిన ఉత్తరం కూడా ఈ డబ్బాలోనే ఉంది. ఇంకా చదివి వినిపించలేదు.

ఇది మీకు ఈస్టరుకి గాని అందదు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

మావయ్యగారు డానీని అన్నం తినమని ఎప్పుడూ అనలేదు.

డానీ వచ్చిన రోజు మధ్యాహ్నం సంగతి. వాడు పెట్టె వరండాలో పెట్టి, మీద కూర్చున్నాడు. మావయ్యగారు భోంచేసి, చెయ్యి కడుక్కుని, వాడి పక్క నుంచే నడిచి మంచం మీద పడుకున్నారు. నాకు అప్పటికి పెళ్లయి అయిదు నెలలు. మా ఆయనతో తప్ప ఆ ఇంట్లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగను. కంచం పట్టుకెళ్లి "అన్నం తిను" అన్నాను. "ఎవరు తినమన్నారు?" అన్నాడు. నేను అంటున్నానంటే తినేటట్టు లేడు. నేను ఆ ఇంట్లో ఎవరిని, కొత్తగా వచ్చినదాన్ని. "మావయ్యగారు తినమంటున్నారు" అన్నాను. డానీ మంచం వైపు చూశాడు. మావయ్యగారు అటు తిరిగి ఉన్నారు. వాడు తిన్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

మర్నాడు ఆ మాట అనకపోతే అబద్ధం బయటపడుతుంది. అందుకని మళ్లీ అన్నాను. అలా మూడేళ్లు.

మావయ్యగారు నాతో నిజంగా చెప్పి పంపినవి వేరే. "వాణ్ణి చెప్పులు అడ్డం తియ్యమను." "ఆ ఫ్యాను ఆపమను." "ఆ గోల చర్చిదాకా వినబడుతోందని చెప్పు." అవీ చెప్పాను, కాస్త మెత్తగా. ఇటు నుంచి అటు కూడా కలిపాను. ఆయన కళ్లద్దాలు నేను తుడిచి "డానీ తుడిచాడండి" అనేదాన్ని. మావయ్యగారు "ఊఁ" అనేవారు.

ఇప్పుడు ఆ అబద్ధం పదకొండుసార్లు పాటలో ఉంది. డానీ దాన్ని నమ్మి పోయాడు. మీరు నమ్మి కోపం వదిలారు. విడుదలకి ఇంకా తొమ్మిది రోజులుంది. విన్నారంటే, తన నోట్లో నేను మాట పెట్టానని మావయ్యగారికి తెలుస్తుంది. అబద్ధమాడినందుకు ఆయన ఒకసారి చర్చిలో గంట కొట్టే మనిషినే మానిపించారు. అప్పటి నుంచి గంట కూడా ఆయనే కొడుతున్నారు.

దీన్ని తప్పకుండా కాల్చెయ్యండి. బూడిద కూడా ఉంచొద్దు.

గ్లోరి

*

తిరువూరు,
4 ఏప్రిల్ 2025

వదినగారికి,

ఇదీ సొరుగులోకే వెళ్తుంది. అయినా రాస్తున్నాను. అక్షరాలకి మన్నించాలి.

పాట విడుదలైంది. మూడు రోజుల్లో తిరువూరు బస్టాండు దాకా వచ్చింది. అక్కడ భోజనం హోటలు వాళ్లు పన్నెండింటి నుంచి మూడింటి దాకా అదే పెడుతున్నారు. బళ్లో పిల్లలు ఇంటర్వెల్లు గంట కొడితే నా మాటే అరుస్తున్నారట. నేను కొట్లో నోరు తెరవడం మానేశాను. కందిపప్పు, ఉప్పు, సబ్బు అన్నీ వేలితో చూపిస్తున్నాను. కొట్టాయన నేను మూగదాన్నని అనుకుని ఒక కొబ్బరికాయ ఊరికే ఇచ్చాడు.

25వ తారీకు మావయ్యగారు వరండాలో కూర్చుని పిలిచారు. "అమ్మాయ్, విభూది బుధవారానికి ముందు సిస్టర్ ఎప్పుడూ రాస్తుంది. ఈ ఏడు రాయలేదా?"

మూడేళ్లు అబద్ధం ఆడినదాన్ని ఇంకొక్కటి ఆడలేకపోయాను. డబ్బాలోంచి తీసి, బియ్యం దులిపి చదివాను. "నాన్నా, మీరు డానీని..." దాకా చదివి ఆగాను.

"ఆగావేం?"

"అక్షరం తెలియడం లేదండి."

"దాని అక్షరం తెలియకపోవడమేంటి. పలక మీద నేనే దిద్దించాను. చదువు."

చదివాను. "నాన్నా, మీరు డానీని రోజూ అన్నానికి పిలిచేవారని తెలిసింది. మీతో మాట్లాడకుండా మనసులో పెట్టుకున్నదంతా ఇవాళ వదిలేశాను." ఒక్క మాట వదల్లేదు.

మావయ్యగారు "నేనెప్పుడు పిలిచాను?" అన్నారు.

"పిలవలేదండి."

"మరి?"

"నేనే అన్నానండి. మీరన్నట్టు."

"ఎన్నిసార్లు?"

"రోజూనండి."

లేచి, చెప్పులు వేసుకుని చర్చికి వెళ్లారు. పన్నెండు గంట పదకొండింటికే కొట్టేశారు. పేటలో అందరూ గంట ముందే అన్నాలు తిన్నారు. ఉపదేశిగారి గంటని ఎవరూ అనుమానించరు కదా.

30వ తారీకు ఆదివారం, దూరం పోయిన కొడుకు తిరిగొస్తే తండ్రి విందు చేసిన సువార్త వచ్చింది. ఫాదరు గారు కొత్తవారు, పాట విన్నారు. "ఆ తండ్రి ఎక్కడో లేడు, మన ముందు వరసలోనే కూర్చున్నాడు" అన్నారు. అందరూ మావయ్యగారి వైపు తిరిగారు. ఆయన కదల్లేదు. పూజ అయ్యాక పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లారు. ఆయనకి ఎప్పుడూ రెండు నిమిషాలు పడుతుంది. ఆ రోజు మా ఆయన ఆటోలో రెండు ట్రిప్పులు తిప్పి వచ్చినా ఇంకా లోపలే ఉన్నారు.

ఇప్పుడు మావయ్యగారు నాతో మాట్లాడడం లేదు. ఏమైనా కావాలంటే మా ఆయనతో చెబుతున్నారు. నేను పక్కనే మజ్జిగ వడ్డిస్తుంటాను, "ఉప్పు వెయ్యమని చెప్పరా" అంటారు. మా ఆయన "ఉప్పు వెయ్యమంటున్నారు" అంటారు. ఆయన ఏమీ కలపరు. నాలాంటివారు కాదు.

పుట్టింటికి పంపేస్తారేమోనని చీరలు సర్దుకున్నాను. బీరువా ఖాళీగా ఉంటే డానీ గుర్తొచ్చాడు. మళ్లీ పెట్టేశాను.

కాల్చెయ్యండి.

గ్లోరి

*

మఠం నుండి,
21 ఏప్రిల్ 2025, ఈస్టరు సోమవారం

ప్రియమైన గ్లోరీ,

నీ రెండు ఉత్తరాలూ ఈ ఉదయం మదర్ గారు చేతికిచ్చారు. రెండూ విప్పి ఉన్నాయి.

నీకు తెలుసనుకుని చెప్పలేదు. మఠానికి వచ్చిన ప్రతి ఉత్తరం మదర్ గారు ముందు చదివి మాకు ఇస్తారు. అది ఇక్కడి నియమం. ఫిబ్రవరి నుంచి నీ సంగతులన్నీ ఆవిడకి తెలుసు. తపస్సుకాలంలో వచ్చినవి ఆవిడ కూడా తెరవకూడదు. ఈ ఏడు తనకి అన్నిటికంటే కష్టమైన ఉపవాసం ఆ సొరుగే అయిందన్నారు. నిన్న పూజ అవగానే కాఫీ కూడా తాగకుండా చదివారట.

కాల్చడం విషయం. మాకిక్కడ సొంత అగ్గిపెట్టె ఉండదు. వంట సిస్టర్‌ని అడగాలి, ఎందుకో చెప్పాలి. అందుకని ఏదీ కాల్చలేదు.

నేను నీ మీద కోప్పడాలని కూర్చున్నాను. కోపం రాలేదు. ఒక సంగతి గుర్తొచ్చింది. నేను బళ్లో పాఠాలు చెప్పే సిస్టర్‌ని అవుతాననుకున్నారు నాన్న. తలుపులేసుకునే మఠం అనేసరికి మాట మానేశారు. తొమ్మిదేళ్ల క్రితం నేను బయల్దేరిన రోజు బస్టాండుకి రాలేదు. బస్సు కదులుతుంటే అమ్మ కిటికీ పట్టుకుని "నాన్న దీవించి పంపమన్నారే" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇక్కడ ఉండగలిగాను. ఇవాళ నీ ఉత్తరం చదివాక, ఆ మాట నాన్నదా అమ్మదా అనిపించింది. అమ్మని అడుగుదామంటే ఆవిడ లేదు. నాన్నని అడిగే ధైర్యం నాకు లేదు.

ఇంకొకటి. గత వారం పాలు పోసే అతని ఫోను గోడ అవతల మోగింది. "డానీ, మావయ్యగారు అన్నం తినమంటున్నారు." నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. నీ గొంతు నేను ఎప్పుడూ వినలేదు కదా. తల ఊపడమే చూశాను. మంచి గొంతు. నేనైనా నమ్మి తినేదాన్ని.

నీ వదిన
కరుణశ్రీ

*

తిరువూరు,
3 నవంబరు 2025

వదినగారికీ, మదర్ గారికీ గ్లోరి నమస్కారాలు.

మీ ఈస్టరు ఉత్తరానికి ఆరు నెలలు జవాబు రాయలేదు. రాయడానికి ఏమీ జరగలేదు. మావయ్యగారు మా ఆయన ద్వారానే మాట్లాడారు. ఆగస్టులో కంటి ఆపరేషను అయింది, కన్ను బాగుంది. కట్టు విప్పినప్పుడు ఎదురుగా నేనే ఉన్నాను. "కనబడుతోందని చెప్పరా" అన్నారు.

నిన్న సమాధుల పండగ. శనివారమే సమాధులకి సున్నం వేశాం. సాయంత్రం ముగ్గురం బంతిపూలు, కొవ్వొత్తులు తీసుకెళ్లాం. అత్తయ్యగారి సమాధి పక్కనే డానీది. మేం వెళ్లేసరికే అనుదీప్ వచ్చి కొవ్వొత్తులు వెలిగించి వెళ్లాడు. ఫాదరు గారు దీవెన నీళ్లు చల్లి ముందుకు పోయారు. అత్తయ్యగారి దగ్గర ప్రార్థన అయ్యాక మావయ్యగారు డానీ దగ్గర నించున్నారు. తర్వాత మా ఆయనతో "గ్లోరిని ఇలా రమ్మను" అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను. గుంటలున్నాయని పట్టుకున్నాను.

"రమ్మంటున్నారు" అన్నారు మా ఆయన.

"వచ్చానండి" అన్నాను.

మావయ్యగారు నా వైపు తిరిగారు. "అమ్మాయ్, వాడితో చెప్పు. పాట విన్నానని."

చుట్టూ జనం ఉన్నారు. సిగ్గేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "డానీ, మావయ్యగారు పాట విన్నారట" అన్నాను.

"అరుపులు ఎక్కువయ్యాయని చెప్పు."

"అరుపులు ఎక్కువయ్యాయంటున్నారు."

"చారు గురించి రాసింది నిజమేనని చెప్పు. ఉపదేశి ట్రైనింగుకి అక్కడికెళ్లినప్పుడు మేమూ అదే తాగాం."

చెప్పాను. పక్క సమాధి వాళ్లు ప్రార్థన ఆపి వింటున్నారు. ఈసారి కొంగు తీసేశాను, లేకపోతే మాట సరిగ్గా వెళ్లదని.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తనే తుడుచుకున్నారు. "ఆ అన్నం మాట నాదేనని చెప్పు" అన్నారు.

నేను ఆయన ముఖం వంక చూశాను. "చెప్పమ్మా" అన్నారు.

"డానీ, ఆ అన్నం మాట మావయ్యగారిదేనంటున్నారు."

ఇంటికొచ్చాక నన్ను అడిగి, మీ ఈస్టరు ఉత్తరం మొత్తం చదివించుకున్నారు. ఇప్పుడు ఆయనే చదువుకోగలరు, అయినా నన్నే చదవమన్నారు. బస్సు కిటికీ దగ్గరికొచ్చేసరికి నేను మళ్లీ ఆగాను. "చదువు, ఇది కూడా తెలియని అక్షరమా?" అన్నారు. అంతా విని, వెంటనే జవాబు రాయమన్నారు. ఆయన ఎదురుగా కూర్చుని చెబితే రాస్తున్నాను. బస్టాండులో అమ్మ చెప్పిన దీవెన మాట కూడా తనదేనట. అలాగే రాయమన్నారు, రాశాను. నేనేమీ కలపలేదు.

నేను రాస్తే మీరు నమ్మరని, కింద ఆయన చేతే సంతకం పెట్టించాను.

ఈ ఉత్తరం ఉంచుకోండి. మొదట్లో అక్షరాలకి మన్నించమని రాయడం మర్చిపోయాను.

మీ మరదలు
గ్లోరి

శౌరయ్య